ఎదురింటి పోగు

మా మావ పోయాడు. క్రితం నెలలో ఒక పొద్దున్న షాపు ముందు సిమెంటు లారీ దింపిస్తుండగా నా భార్య ఫోను చేసింది. "నాన్న ఎల్లిపోనాడు" అంది. చేతిలో ఉన్న బిల్లు పుస్తకం మూసి, యజమానితో చెప్పి బయల్దేరాను. నిద్రలోనే పోయాడట, కప్పుకున్న దుప్పటి కూడా చెదరలేదట. ఆయన కోరుకున్నట్టే, శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఆయన ఊళ్ళో, అలల చప్పుడు వినిపించే చోట అన్నీ జరిపించాం.

మన సంఘం పత్రికకి నాలుగు మాటలు రాయమని పాస్టరు గారు అడిగారు. మావ మన సంఘంలోని మనిషి కాదు. పుట్టినప్పటినుంచి గంగమ్మకి మొక్కినవాడు, చివరిదాకా ఆమెకే మొక్కాడు. అయినా ఆయన గురించి రాయాల్సిందేనన్నారు. "నువ్వు నోటితో ఎలాగూ చెప్పవు. కాగితం మీదైనా చెప్పు" అన్నారు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాతి చదువంతా పొట్లాల కాగితాలూ పాత పేపర్లూ చదివి నేర్చుకున్నదే. పగలు షాపు లెక్కలు రాస్తాను, ఇంటికొచ్చి ఇంటి లెక్క రాసుకుంటాను. మనిషి గురించి రాయడం మాత్రం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఏడుపు కథ రాయడం నాకు ఇష్టం లేదు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు హుషారు పుడుతుంది, దుఃఖం ఆ తర్వాతే. అందుకే ఒక క్రిస్మస్ గురించి రాస్తాను. రాష్ట్రం ఇంకా రెండు కాని రోజులు. మీలో చాలామంది ఆ రోజు అక్కడే ఉన్నారు. లేనివాళ్ళ కోసం మొదటినుంచి చెబుతాను.

నాకు అమ్మా నాన్నా గుర్తు లేరు. మిషన్ హాస్టల్లో పెరిగాను. ఎవరినీ నాన్న అని పిలిచి ఎరగను. నా భార్య మన కొత్తవలసలోనే వాళ్ళ పిన్నమ్మ ఇంట్లో ఉండి కుట్టుపని నేర్చుకునేటప్పుడు పరిచయం. పెళ్ళి మాట అడగడానికి ఆ పిన్నమ్మ వెంట వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న మనిషి ముందు నిలబడితే నాకు ఒక్క మాట రాలేదు. పిన్నమ్మే అన్నీ చెప్పింది. సిమెంటు షాపులో గుమాస్తా, క్రైస్తవుడు, తాగడు, ముందూ వెనకా ఎవరూ లేరు. ఆయన నన్ను కాళ్ళ దగ్గర్నుంచి తలదాకా చూశాడు.

"ఇతగాడు మాటాడ్డేటి?"

"తక్కువ మాటాడతాడు బావా."

"పోనీలే. నా బతుకంతా మాటాడనోళ్ళతోటే అయిపోనాది. సేపలేటి మాటాడతాయా?" అని మళ్ళీ వల మీదికి వంగిపోయాడు. అదే ఒప్పుకోవడమని పిన్నమ్మ మోచేత్తో పొడిస్తేగాని నాకు తెలియలేదు.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. ఆ వలని సముద్రంలో అర్ధచంద్రంలా వేసి వచ్చి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డు నుంచి జనం లాగాలి. "సెయ్యెయ్యి అల్లుడా" అని మావ నన్ను తాడు మీదికి తోశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. వల వచ్చాక చేపల్ని ఇసక మీద పోగులు పెట్టారు. తాడు పట్టిన ప్రతివాడికీ ఒక పోగు. వలకి వేరే పోగు, అది వల ఆసామిది. నాకూ ఒకటి వచ్చింది. నా పక్కనున్న ముసలాయన తాడుకి చెయ్యి ఆనించి నడిచాడే తప్ప లాగింది లేదు. ఆయనకీ వచ్చింది. నేను అటే చూస్తుండటం మావ కనిపెట్టాడు.

"ఏటి సూస్తావు? ఆడు సెయ్యేసినాడు. సెయ్యెయ్యనోడికి వాటా లేదు, సెయ్యేసినోడికి వాటా లేకండా పోదు. అంతే లెక్క."

నేను రోజూ రాసే లెక్కల్లో అంత పొట్టి లెక్క ఎక్కడా చూడలేదు.

తర్వాత కొన్నేళ్ళకి తెప్ప తిరగబడి ఆయన కుడిభుజం జారింది. వేటకి వెళ్ళడం ఆగిపోయింది. తాడు మీద చెయ్యి ఆనించి నడిచేవాళ్ళలో ఆయనా ఒకడయ్యాడు. మా అత్తకి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగిపోయాయి. వాళ్ళకి నా భార్య ఒక్కర్తే కూతురు. సరిగ్గా ఆ ఏడు దసరా తర్వాత మా ఎదురిల్లు ఖాళీ అయింది. రెండు గదులు, వెనక నుయ్యి. వీధి చివర ఉండే రిటైరైన రైల్వే గార్డు గారిది ఆ ఇల్లు.

అప్పటినుంచి మా ఇంట్లో ఇంకో మాట లేదు. నా భార్య రోజూ ఫోను చేసి అడిగేది. అవతలనుంచి ఒకటే జవాబు: "కూతురి గుమ్మం ముందు కాపరమేటే? ఊరు నవ్వదేటి?" అడగ్గా అడగ్గా చివరికి డిసెంబరులో మావ ఒక మెట్టు దిగాడు. "సరే, మీ క్రిస్మస్సుకి వస్తాం. ఇల్లు సూస్తాం. సూసి ఎల్లిపోతాం. ఉండిపోడానికి కాదు, ఇను."

గార్డు గారు కూడా ఒక గడువు పెట్టారు. "బ్యాంకు ఆయనొకరు అడుగుతున్నారు బాబూ. మీ మావగారి కోసమని ఆపుతున్నాను. క్రిస్మస్ వెళ్ళేదాకా చూస్తాను. కొత్త సంవత్సరానికి ఎవరో ఒకరు దిగాల్సిందే" అన్నారు.

వాళ్ళు వచ్చే రోజు మా ఇంట్లో కోడికంటే ముందు మా బుడ్డోడు లేచాడు. మా అమ్మాయి అప్పటికి అయిదో తరగతి. చాక్‌పీసు పట్టుకుని ఖాళీ ఇంట్లోకి దూరి నేల మీద బొమ్మలు గీసేసింది. ఇది తాత మంచం, ఇది అమ్మమ్మ పొయ్యి, ఇక్కడ మేము హోంవర్కు. నా భార్య పిండివంటలు చేస్తూ మధ్యలో వీధిలోకి వచ్చి ఆ ఇంటి వైపు చూసి వెళ్ళేది. నేను షాపులో కూడిక రెండుసార్లు తప్పాను. యజమాని కళ్ళజోడు పైకెత్తి, "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. బాగానే ఉంది. ఆ కాలంలో నాకు అంతకంటే బాగున్నట్టు గుర్తు లేదు.

స్టేషన్లో పాసింజరు ఆగగానే ముందు వాసన దిగింది, తర్వాత మూట దిగింది, ఆ తర్వాత మావ దిగాడు. ఎండు నెత్తళ్ళ చేపల మూట. పిల్లలు చెరో వైపు ఆయన్ని పట్టుకున్నారు. మూట సగమే ఉందేమిటని నా భార్య అడిగింది.

"మీ అమ్మనడుగు" అన్నాడు మావ. "మనవలకి తెస్తన్నానంది. ఇజీనారం రాకముందే మనవల్ని మరిసిపోనాది."

అత్త మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగుతూ, "ఏటి సేస్తానే? పెట్టిలో జనం ముందు ముక్కులు మూసుకున్నారు. కాసేపటికి ఆళ్ళే, అమ్ముతావేటి అని అడిగినారు. అడిగినోళ్ళకి నేదని సెప్పడం నాకు సేతకాదు" అంది.

మర్నాడు పొద్దున్నే ఇల్లు చూడటం. మావ ఇంటిని పడవని చూసినట్టు చూశాడు. తలుపు చెక్కని వేలి కణుపుతో తట్టి చెవి ఆనించి విన్నాడు. గోడ మూలల్లో చెమ్మ ఉందేమోనని అరచెయ్యి పెట్టి చూశాడు. నూతిలో నీళ్ళు తోడించి పుక్కిలించి, "సప్పగున్నాది. మంచిదే" అన్నాడు. మా అమ్మాయి చెయ్యి పట్టి లాక్కెళ్ళి, గీసిన మంచం చూపించింది. ఆయన తలగుడ్డ విప్పి తల కింద పెట్టుకుని ఆ గీతల మధ్య పడుకున్నాడు.

"ఏటే గుంటా, నా కాళ్ళు గోడలోకి ఎల్లిపోతన్నాయి!"

"నువ్వు ముడుసుకో తాతా!"

"ముడుసుకుంటాను. నీ మంచానికి నులక ఎవులు అల్లినారు? గట్టిగానే ఉన్నాది."

బుడ్డోడు కూడా పక్కన పడుకున్నాడు. అత్త గుమ్మంలో నిలబడి, "ఇల్లు సరే, ఈ ఊర్లో సేపేటి సేప? ఐసుగెడ్డల్లో పడుకుని పడుకుని ఊపిరి మరిసిపోయిన సేప" అని గొణిగింది. అయినా మాట్లాడుతూనే పొయ్యి గీసిన చోట చెయ్యి ఊపి, పొగ ఎటు పోతుందో చూసుకుంది. నా భార్య నా వైపు చూసింది. అయిపోయింది, ఒప్పేసుకున్నారు అన్నట్టు.

మావ లేచి తలగుడ్డ దులుపుకున్నాడు. "ఇల్లు బాగున్నాది" అన్నాడు. "పిలవని వలకి ఎల్లకూడదు గానీ" అని వీధిలోకి నడిచాడు.

నాకు అర్థం కాలేదు. మధ్యాహ్నం వంటింట్లో నా భార్య అర్థమయ్యేలా చెప్పింది.

"ఆయన లెక్కలో వల ఆసామి మీరు. నేను పిలిస్తే కూతురి ముద్దు. పిల్లలు పిలిస్తే ఆట. ఇంటాయన నోటితో పిలవాల. మీరు ఒక్కసారైనా రమ్మన్నారేటి?"

"నాకిష్టమేనని ఆయనకి తెలీదా?"

"మీకు నేనిష్టమని నాకే పెళ్ళయిన ఏడాదికి తెలిసినాది. ఆయనకెలా తెలస్తాది?"

లేచి చొక్కా తగిలించుకున్నాను. మావని తీసుకుని స్టేషను దగ్గర టీ కొట్టుకి వెళ్ళాను. దారంతా మాట కూడబలుక్కున్నాను. గ్లాసులు చేతికి వచ్చాయి.

"మావా."

"ఏటల్లుడా?"

"పంచదార సరిపోయిందా?"

"సరిపోనాది."

కాసేపాగి మళ్ళీ, "మావా" అన్నాను. ఆయన గ్లాసు దించి నా వైపు తిరిగాడు. "ఇంకో టీ తాగుతావా?" అన్నాను. తాగాడు. ఆ సాయంత్రం మళ్ళీ తీసుకెళ్ళాను. ఆయన అన్నీ తాగాడు, ఒక్కసారీ కాదనలేదు. ఇంటికొచ్చాక అత్త ఆపుకోలేక అడిగేసింది: "మీ మావకి మద్దేన్నించీ టీలే పోస్తన్నావు బాబూ. ఇంకేటీ నేదా ఈ ఊర్లో?"

మర్నాడు క్రిస్మస్ ముందురోజు. మన చర్చి ముందు నక్షత్రం ఎత్తే సాయంత్రం. వెదురు బద్దలతో కట్టి రంగు కాగితాలు అంటించిన నక్షత్రం ఆ ఏడు మనిషి కంటే పెద్దది. దాన్ని పొడవాటి సరుగుడు గెడకి కట్టి, తాళ్ళతో గెడని నిలబెట్టాలి. కుర్రాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు లాగారు. గెడ సగం లేచి, కరెంటు తీగల వైపు వాలింది. ఆడవాళ్ళు కేకలు వేశారు.

"ఆగండ్రా!" అని ప్రహరీ మీద కూర్చున్న మావ దిగి వచ్చాడు. "దించండి. మెల్లగా. ఒరే, నువ్వటెల్లు. తాడంటే ఎవుడి కొస ఆడు లాగడం కాదు, అందరిదీ ఒకే ఊపిరవ్వాల." మూడు దిక్కులకి మూడు తాళ్ళు కట్టించి మనుషుల్ని పంచాడు. గార్డు గారికి ఒక తాడు అప్పగించాడు. పక్కన నిలబడి కళ్ళు మూసుకున్న పాస్టరు గారిని కూడా వదల్లేదు.

"పాస్టరు బాబూ, నువ్వూ సెయ్యెయ్యాల. నిలబడి ప్రార్థన సేస్తే లెగదది."

"చేస్తూ లాగుతాను తాతా" అని ఆయన చేతులు మడిచి తాడు పట్టుకున్నారు.

మావ ఎడమచేత్తో తాడు పట్టి, మెడ వెనక్కి వాల్చి "ఐలేసా" అని ఒక అరుపు అరిచాడు. భుజం పోయిన మనిషి గొంతులో అంత సముద్రం మిగిలి ఉందని నేను అనుకోలేదు. అందరూ "ఐలేసా" అన్నారు. నేనూ అన్నాను. మందితో కలిసి అరవడం నాకు కష్టం కాలేదు. గెడ ఒక్కో అరుపుకీ ఒక్కో మెట్టు లేచి, తిన్నగా నిలబడింది. లోపల బల్బు వెలగగానే మా బుడ్డోడు వీధంతా పరిగెత్తాడు. "మా తాత! నచ్చత్రం మా తాతది!"

క్రిస్మస్ ఉదయం ఆరాధన అయ్యాక చర్చి ముందు బల్ల వేసి, వీధంతా కలిసి విజయనగరం బేకరీ నుంచి తెప్పించిన కేకు పెట్టారు. పైన గులాబీ రంగు క్రీము పూలు, శుభాకాంక్షలు రాసిన అక్షరాలు. నక్షత్రం నిలబెట్టిన పెద్దమనిషి కొయ్యాలని పాస్టరు గారు మావ చేతికి కత్తి ఇచ్చారు. ఒక ముక్క కోసి ఎవరి నోట్లోనో పెడతాడు, చప్పట్లు కొడదామని అందరం చేతులు సిద్ధం చేసుకున్నాం.

మావ కత్తి అంచు బొటనవేలితో చూశాడు. కేకు చుట్టూ ఒకసారి నడిచాడు. "అరిటాకులు తెప్పించండి. నిన్న తాడు పట్టినోళ్ళందరూ ఇలా రండి" అన్నాడు. ఆ తర్వాత జరిగింది ఎవరూ ఆపలేకపోయారు. పెద్ద వంజరం చేపని కోసినట్టు కేకుని నిలువునా చీల్చాడు, అడ్డంగా కోశాడు, ముక్కలన్నీ కలిపి ఆకుల మీద పోగులు పెట్టడం మొదలుపెట్టాడు.

"అయ్యో తాతా, అక్షరాలు!" అని సండే స్కూలు టీచరమ్మ నోరు నొక్కుకుంది.

"అచ్చరాలేటమ్మా, పువ్వులు కూడా పంచాల. పువ్వంతా ఒకడి పోగులోకి ఎల్లిపోతే రేపు గొడవలొస్తాయి. అందరికీ కొంచెం పువ్వు, కొంచెం అడుగు."

కుర్రాళ్ళు నేల మీద కూలబడి నవ్వారు. అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "ఓలమ్మో, పరువు తీసీసినాడు. అది సేప కాదయ్యా!" అని అరిచింది. మావ తలెత్తలేదు. తాడు పట్టినవాళ్ళకి పోగులు, పిండివంటలతో అలసిపోయిన ఆడవాళ్ళకి పోగులు, పెద్దవలలో వలకి ఇచ్చినట్టే గెడకి కూడా ఒక పోగు. పాస్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "రొట్టె విరిచి పంచడమంటే ఏమిటో ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నాను. ఇవాళ చూస్తున్నాను" అన్నారు.

"ఇప్పుడు ఒకడు ఇటు ఈపు పెట్టి నిలబడాల" అన్నాడు మావ. "పోగు మీద సెయ్యెట్టి నాను అడుగుతాను. ఆడు సూడకండా పేరు సెప్పాల. అప్పుడు పెద్ద పోగు ఆడికెల్లినాది, సిన్నది నాకొచ్చినాది అని ఎవులూ అనడానికుండదు." చుట్టూ చూశాడు. "అల్లుడా, నువ్వు రా. లెక్క తెలిసినోడివి. ఎక్కువ మాటలక్కర్నేదు. పేరు సెప్తే సాలు."

వెళ్ళి చర్చి గోడకి ఎదురుగా నిలబడ్డాను. కొత్తగా సున్నం వేసిన గోడ. వెనకనుంచి గొంతు వచ్చింది.

"ఇది ఎవులికి?"

"పాస్టరు గారికి."

"ఇది ఎవులికి?"

"గార్డు గారికి."

పేరు చెప్పినప్పుడల్లా వెనక నవ్వులు, చప్పట్లు. ఒక్కొక్కరినే తలుచుకుంటూ చెప్పుకుపోయాను. గెడ పోగు గెడ ఇచ్చిన కలప అడితి కాపలాదారుకి వెళ్ళింది. టీచరమ్మకి ఒకటి చెప్పాను. నిన్న రాలేక మంచం మీదున్న గార్డు గారి తల్లికి ఒకటి చెప్పాను. అందరూ అయిపోయారు.

"ఇది ఎవులికి?"

"అయిపోయాయి మావా."

"ఇంకొకటి ఉన్నాది అల్లుడా. ఇది ఎవులికి?"

మనసులో మళ్ళీ అందరినీ లెక్క వేసుకున్నాను. ఎవరూ మిగల్లేదు. ఎదురుగా తెల్లగోడ తప్ప మరేమీ లేదు. ఆయన మొహం నాకు కనబడదు, నా మొహం ఆయనకి కనబడదు. టీ కొట్టు దగ్గర రాని మాట అక్కడ వచ్చింది.

"ఎదురింటికి" అన్నాను.

వెనక నవ్వులు ఆగిపోయాయి.

"ఎదురిల్లు ఖాళీ కదా అల్లుడా. ఎవులున్నారక్కడ?"

"మా మావా అత్తా ఉంటారు."

"ఆళ్ళనెవులు పిలిసినారు?"

"నేను పిలుస్తున్నాను" అన్నాను. గోడకే చెప్పాను గానీ గట్టిగానే చెప్పాను. "నేనే పిలుస్తున్నాను నాన్నా."

ఆ చివరి మాట నేను అనుకుని అన్నది కాదు. వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది:

"ఇటు తిరిగి సెప్పల్లుడా. గోడకి సెప్తే గోడొస్తాది కాపరానికి."

వీధంతా నవ్వింది. తిరిగాను. ఆయన రెండు చేతుల్లో ఆకు పట్టుకుని నిలబడ్డాడు. ముక్కల మీద సగం పువ్వు, ఏదో ఒక అక్షరం తోక. దాన్ని అత్తకి అందించాడు. "ఒసే, పట్టు. ఎదురింటోళ్ళ పోగు."

"సంసారం మూట కట్టడానికే నెల పడతాది" అంది అత్త, అప్పటికే ఒక ముక్క నోట్లో పెట్టుకుంటూ. పిల్లలిద్దరూ కేకలు పెట్టుకుంటూ ఖాళీ ఇంటి వైపు పరిగెత్తారు. గార్డు గారు జేబులోంచి తాళంచెవి తీసి నాకు ఇవ్వబోతే మావ అడ్డం వచ్చి తనే తీసుకున్నాడు. "అద్దె నాను కడతాను. ఈడు పిలిసినాడు, వచ్చినాం. కూడు మాత్రం మాదే." నా భార్య చర్చి మెట్టు మీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను అడగలేదు. నా పోగు నేను తిన్నాను. ఇప్పటికీ కేకు అంటే నాకు ఆ రుచే.

చాలా రోజుల తర్వాత ఒకసారి అత్తతో అన్నాను, ఆ రోజు మావ ఒక పోగు లెక్క తప్పి పెట్టడం నా అదృష్టమని. ఆమె చేపలు తోముతూ నన్ను జాలిగా చూసింది. "పుట్టి బుద్దెరిగినకాడ్నుంచీ పోగులెట్టినోడు లెక్క తప్పుతాడేటి బాబూ?"

కొత్త సంవత్సరంలో వచ్చి దిగారు. ఆయన ఊరికే కూర్చోలేదు. వలలు అల్లే చేతులు కదా, చుట్టుపక్కల బళ్ళకి వాలీబాల్ నెట్లు అల్లడం మొదలుపెట్టాడు. "ఈ వలలో ఒక్క సేపా పడదు గానీ బంతి మాత్రం తప్పించుకోదు" అనేవాడు. అత్త మార్కెట్‌కి వెళ్తే వీధి ఆడవాళ్ళు ఆమె వెనకాలే వెళ్ళేవారు. ఆమె ఏ చేప మొప్ప ఎత్తి ముక్కు చిట్లించిందో ఆ చేప ఆ రోజు ఎవరూ కొనేవారు కాదు. కూరగిన్నెలు పగలంతా వీధి దాటుతూనే ఉండేవి. ఏ గిన్నె ఏ ఇంటిదో రెండేళ్ళకి ఎవరికీ తెలియకుండా పోయింది. మా బుడ్డోడు ఇక్కడ తిని, తినలేదని అక్కడ చెప్పేవాడు. ఆదివారం ఆరాధన జరుగుతుంటే మావ లోపలికి వచ్చేవాడు కాదు, పాటలు అయ్యేదాకా ప్రహరీ మీదే కూర్చునేవాడు. మీరందరూ చూసినదే. ప్రతి క్రిస్మస్‌కీ కేకు పోగులే. ఒక ఏడాది బేకరీ అబ్బాయి, "ఎలాగూ చేప కోసినట్టు కోస్తారంట కదా, అక్షరాలు రాయమంటారా, వద్దా?" అని అడిగాడు. రాయించాం. పంచడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఎవరైనా, అల్లుడి గుమ్మం ముందు ఎలా ఉందని ఎకసెక్కంగా అడిగితే, "అల్లుడి గుమ్మం ముందు నాను లేను. నా గుమ్మం ముందే ఆడున్నాడు" అనేవాడు. నన్ను చూసి కన్ను కొట్టేవాడు.

ఆయన దినాలు అయ్యాక ఊళ్ళో చుట్టాలు అత్త చుట్టూ చేరారు. "ఇంకక్కడేటున్నాది నీకు? ఆయనతోటే పోనాది. ఇక్కడుండిపో" అన్నారు. అత్త అవుననలేదు, కాదనలేదు. మాతో పాసింజరు ఎక్కింది. సామాను తెచ్చుకోవడానికి వస్తోందో, ఉండటానికే వస్తోందో మాలో ఎవరికీ తెలియలేదు. నా భార్య అడగలేక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఈసారి నేను ఏ గోడ కోసమూ చూడలేదు. అత్త ఎదురు సీట్లోకి మారి, మొహం చూస్తూనే అన్నాను. "అత్తా, ఉండిపో." ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి, తీసేసింది.

మర్నాడు పొద్దున మా వరండాలో టిఫిన్లు తింటున్నాం. అత్త తన ఇంటి వీధి తలుపు తీసింది. వెనక తలుపు కూడా తెరిచే ఉంది. ఉన్నట్టుండి మా బుడ్డోడు, ఇప్పుడు నా ఎత్తున్నాడు, పళ్ళెం వదిలేసి లేచాడు.

"నాన్నా, రైలు! మన ఇంట్లోంచి రైలు కనిపిస్తన్నాది!"

నిజంగానే కనిపించింది. ఎదురింటి ముందు తలుపు, వెనక తలుపు, పెరడు, దాని అవతల కిరండూల్ లైను. ఇన్నేళ్ళూ ఆ రైళ్ళ చప్పుడు వినడమే గాని చూసింది లేదు. ఆ గుమ్మంలో కాళ్ళు చాపుకుని, ఒళ్ళో నెట్టు వేసుకుని మావ కూర్చుని ఉండేవాడు. మేం ఆయన్నే చూసేవాళ్ళం. ఆయన వెనక రైలు పోతోందని మాకు తట్టనే లేదు. ఇనప రాయి నింపుకున్న ఎర్రటి వాగన్లు ఆ చిన్న గుమ్మంలోంచి ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. నలుగురం నిలబడి చూస్తున్నాం.

లోపలినుంచి అత్త వచ్చింది. మమ్మల్ని చూసింది. వెనక్కి తిరిగి, మేం దేన్ని చూస్తున్నామో చూసింది. పీట లాక్కొచ్చి, గుమ్మంలో మావ కూర్చునే చోటే వేసుకుని కూర్చుంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. మిగిలిన వాగన్లు చప్పుడుగానే వెళ్ళిపోయాయి.